మీ వీధి రోడ్డు డబ్బు లెక్క తేల్చుకోవడం ఎలా? చెన్నైలో ఉన్న మనవాళ్ల కోసం

ఐప్పసి వానలు, అంటే అక్టోబరు వానలు, మొదలయ్యాయంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "పోయినేడేగా వేశారు, అప్పుడే కంకర తేలిపోయింది, ఎవర్ని అడగాలండీ?" అని పెరంబూరు నుంచి ఒకరు. "మేయర్‌కి ఉత్తరం రాస్తే పనవుతుందా?" అని అంబత్తూరు నుంచి ఇంకొకరు. అడిగేవాళ్లు మారుతున్నారు గానీ ప్రశ్న మారడం లేదు. అందుకే ఒక్కసారిగా అంతా రాసి పెడుతున్నాను.

గుంత పూడ్పించుకోవడానికి ఇదంతా అక్కర్లేదు. కార్పొరేషన్ ఫిర్యాదుల నంబరు 1913కి ఫోన్ చేయండి, చాలు. కార్పొరేషన్ ప్రధాన ఆఫీసు రిప్పన్ బిల్డింగ్ తెరిచింది కూడా 1913లోనే, కాబట్టి నంబరు మర్చిపోరు. ఆ గుంతను ఎవరి డబ్బుతో పూడుస్తున్నారో తేల్చుకోవాలంటే మాత్రం కింద రాసినదంతా కావాలి.

తేడా ఏమిటంటే, రోడ్డు వేసిన కాంట్రాక్టరు కొంతకాలం పాటు తన ఖర్చుతోనే దాన్ని బాగు చేయాలని ఒప్పందంలో రాసి ఉంటుంది. డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్ అంటారు, ఇంజనీర్ల నోట అది డీఎల్‌పీ. అంటే రోడ్డుకి వారంటీ. ఆ గడువు లోపల గుంత పడినప్పుడు మీరు ఉత్త ఫిర్యాదు చేస్తే, కార్పొరేషన్ మనుషులు కార్పొరేషన్ తారుతోనే పూడ్చి వెళ్లొచ్చు. గుంత పోయిందని మీకు సంతోషం. కాంట్రాక్టరుకి ఇంకా సంతోషం. ఒకే రోడ్డుకి మన పన్ను రెండుసార్లు కట్టినట్టు. అందుకే మీరు పట్టుకోవలసినవి రెండే: ఆ పని నంబరు (ప్యాకేజీ నంబరు అంటారు), డీఎల్‌పీ ముగిసే తేదీ. మిగతా అడుగులన్నీ ఆ రెంటి కోసమే.

కావలసినవి

- పొడవాటి కొలత టేపు. 15 మీటర్లదైతే మేలు, 5 మీటర్లదైనా ఫర్వాలేదు.
- ఒక స్టీలు స్కేలు, పది మీటర్ల పురికొస.
- తేదీ, స్థలం ఫొటో మీదే పడేలా పెట్టుకున్న ఫోను.
- ఆస్తి పన్ను రసీదు. అద్దెకుంటే ఇంటివాళ్లని అడిగి ఫొటో తీసుకోండి. పాత రసీదుల్లో ఉండే డివిజన్ నంబరూ, ఇప్పటి వార్డు నంబరూ ఒకటి కాకపోవచ్చు. సరిచూసుకోండి.
- పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు.
- తమిళం చక్కగా రాయగల మనిషి ఒకరు. ఇక్కడి బడిలో చదివిన మీ అమ్మాయో అబ్బాయో చాలు.
- వంద పేజీల నోటుబుక్కు ఒకటి, నాలుగైదు నెలల ఓపిక.

1. ముందు ఆ రోడ్డు ఎవరిదో తేల్చుకోండి

సగం మంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. చెన్నైలో ఉన్న రోడ్లన్నీ కార్పొరేషన్‌వి కావు. అన్నా సాలై లాంటివి రాష్ట్ర హైవేస్ శాఖ చేతిలో ఉంటాయి. మెట్రో రెండో దశ పనులు జరిగే దారుల్లో, తవ్విన మేరకు బాగు చేసే బాధ్యత మెట్రో రైల్ కంపెనీది.

కార్పొరేషన్ లోపల కూడా రెండు రకాలున్నాయి. బస్సులు తిరిగే పెద్ద రోడ్లను రిప్పన్ బిల్డింగ్ నుంచి నడిచే బస్ రూట్ రోడ్స్ విభాగం చూస్తుంది. మన ఇళ్ల ముందుండే లోపలి వీధులు మండలం ఆఫీసువి, అంటే జోన్‌వి. వీధి గురించి బస్ రూట్ విభాగానికి రాస్తే కాగితం నెల తిరిగి మళ్లీ మీ మండలానికే వస్తుంది.

తెలుసుకునే సులువైన దారి మీ వార్డు అసిస్టెంట్ ఇంజనీరుని అడగడమే. ఏఈ అంటారు. ఉదయం వార్డు ఆఫీసులో దొరికే అవకాశం ఎక్కువ. తమిళం అంతగా రాకపోయినా ఈ ఒక్క వాక్యం నేర్చుకోండి: "సార్, ఇంద రోడ్డు డీఎల్‌పీలో ఇరుక్కా?" ఈ రోడ్డు డీఎల్‌పీలో ఉందా అని. జవాబు "ఇరుక్కు" (ఉంది) అనో "ఇల్లె" (లేదు) అనో వస్తే మంచిదే, తేదీ రాసుకోండి. "పాక్కురేన్ సార్" (చూస్తాను సార్) అని వస్తే నాలుగో అడుగుకి సిద్ధం కావాలని అర్థం.

2. ఎవరు తవ్వారో రాసి పెట్టుకోండి

మెట్రో వాటర్ (నీళ్ల బోర్డు) వాళ్లు, కరెంటు వాళ్లు, ఇంటర్నెట్ కేబుల్ వాళ్లు రోడ్డు కోస్తే, ఆ కోతను పూడ్చే ఖర్చు కింద కార్పొరేషన్‌కి ముందే డబ్బు కట్టాలి. వాననీటి కాలువలు తవ్విన చోట మళ్లీ రోడ్డు వేయడం ఆ కాలువ పని అంచనాలోనే ఉంటుంది. ఉత్తరాన కొసస్తలైయార్ పరీవాహకంలో ఏషియన్ డెవలప్‌మెంట్ బ్యాంకు అప్పుతోనూ, దక్షిణాన కోవళం పరీవాహకంలో జర్మనీ బ్యాంకు కేఎఫ్‌డబ్ల్యూ అప్పుతోనూ ఇలాంటి కాలువలు పెద్ద ఎత్తున తవ్వారు.

మీ వీధిలో కాలువ తవ్వారనుకోండి. కాలువ కాంట్రాక్టరు రోడ్డు బాగు చేసినట్టు బిల్లు పెట్టుకుంటాడు. ఆ తర్వాత అదే వీధి ఇంకో రోడ్డు పథకంలోకి వస్తుంది. రెండూ నిజంగా జరిగాయా, ఒకే పనికి రెండు బిల్లులా? బయటి మనిషి ఎవడూ చెప్పలేడు, వీధిలో ఉండే మీరు చెప్పగలరు. ఏ నెలలో ఎవరు తవ్వారు, ఎవరు పూడ్చారు, తారు ఎప్పుడు పడింది, అన్నీ నోటుబుక్కులో ఒక్కో వరుస రాస్తూ పొండి. ఇందులో నాకన్నా మా ఎదురింటి పిన్నిగారు ఘనురాలు. క్యాలెండరులో పాలవాడి లెక్క పక్కనే "రోడ్డు తవ్వారు" అని రాసి పెట్టేది. ఆ క్యాలెండరు మాకు రెండేళ్లు పనికొచ్చింది.

3. రోడ్డు కొలవండి

తెల్లవారుజామున, బళ్లు తిరగకముందు కొలవండి. ఒంటరిగా వద్దు, పక్కన ఇంకొకరు నిలబడాలి.

పొడవు ఒకసారి కొలిస్తే చాలు. వెడల్పు మాత్రం అయిదు చోట్ల కొలిచి సగటు తీయండి. మన వీధులు మొదట్లో ఆరు మీటర్లుంటే చివర్లో నాలుగే ఉంటాయి. గోడ నుంచి గోడకి కొలవకండి. తారు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో అంతవరకే. ఫుట్‌పాత్, మట్టి అంచు లెక్కలోకి రావు.

మందం కోసం మీరు రోడ్డు తవ్వకూడదు. అది నేరం, పైగా ఆ గుంత మీరే చేశారంటారు. ఇప్పటికే ఎవరో కోసిన చోట అంచున స్కేలు నిలబెట్టి ఫొటో తీయండి. పాత పొరా కొత్త పొరా రంగులో తేడాగా కనబడతాయి, పై పొర ఒక్కటే కొలవాలి.

ఇంటి గడప ముందు కూడా ఒక ఫొటో తీయండి. చెన్నైలో ఇది తారు కన్నా పెద్ద గొడవ. పాత రోడ్డు గీకకుండా దాని మీదే కొత్త పొర వేస్తూ పోతే రోడ్డు ఎత్తు పెరిగి ఇళ్లు గుంటలో పడతాయి, వాననీరు హాల్లోకి వస్తుంది. 2021లో అప్పటి ప్రధాన కార్యదర్శి ఇరై అన్బు, పాత పొరను గీకి తీశాకే కొత్తది వేయాలని అధికారులకు గట్టిగా రాశారు. ఆ గీకడాన్ని మిల్లింగ్ అంటారు. బిల్లులో అదొక ప్రత్యేకమైన పద్దు. మిల్లింగ్‌కి డబ్బు చెల్లించి ఉండి, మీ మెట్టు మాత్రం ఇంకో రెండంగుళాలు మునిగి ఉంటే, మీ దగ్గర మంచి ప్రశ్న ఉన్నట్టే. కొత్త రోడ్డు వేయబోతున్నారని తెలియగానే, వేయకముందే మెట్టు పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసుకోవడం మరిచిపోకండి. తర్వాత ఎంత ఏడ్చినా పాత ఎత్తు దొరకదు.

4. సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి.

దరఖాస్తు తెలుగులో రాయకండి. 2005 చట్టం ప్రకారం ఇంగ్లీషులో గానీ, హిందీలో గానీ, ఆ ప్రాంతపు అధికార భాషలో గానీ ఉండాలి. ఇక్కడ అంటే తమిళం. కారణం చెప్పనక్కర్లేదు, అడిగితే 6(2) సెక్షన్ చూపించండి. పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి మీ మండలం ఆఫీసు ప్రజా సమాచార అధికారి పేర స్పీడ్ పోస్టులో పంపండి. రాష్ట్రానికి ఆన్‌లైన్ పోర్టల్ కూడా ఉంది.

నా మొదటి దరఖాస్తు ఎలా పాడయిందో చెప్తాను. ఒక ఆఫీసుకి "మా వీధి రోడ్డు ఇంత నాసిరకంగా ఎందుకు వేశారు? దీనికి ఎవరు బాధ్యులు?" అని రెండు పేజీలు ఆవేశంగా రాశాను. ముప్పయ్యో రోజున ఒక్క వాక్యం జవాబొచ్చింది: మీరు అడిగినది సమాచారం కాదు. వాళ్లది తప్పు కాదు. "ఎందుకు" అన్నదానికి ఏ ఫైల్లోనూ కాగితం ఉండదు. ఉన్న కాగితం పేరు పెట్టి అడగాలి. కాబట్టి ఇలా అడగండి:

ఫలానా వార్డు, ఫలానా వీధిలో, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు జరిగిన రోడ్డు పనులకు సంబంధించి:
- ప్యాకేజీ నంబరు, పని పేరు, ఏ పథకం నిధులు.
- పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి ఉత్తర్వుల నకళ్లు, కౌన్సిలు తీర్మానం ఉంటే దాని నంబరు, తేదీ.
- వర్క్ ఆర్డరు నకలు, పని పూర్తయినట్టు ఇచ్చిన ధ్రువపత్రం నకలు.
- మా వీధికి సంబంధించిన కొలతల పుస్తకం పేజీలు.
- నాణ్యత పరీక్షల నివేదికలు, రోడ్డు నుంచి తీసిన కోర్ ముక్కల మందం నివేదిక కూడా.
- చెల్లించిన బిల్లుల నకళ్లు.
- డీఎల్‌పీ మొదలయిన తేదీ, ముగిసే తేదీ, ఆ గడువులో కాంట్రాక్టరుకు పంపిన నోటీసులు.

తమిళంలో రాసేవాళ్లకి ఈ మాటలు చెప్పండి: వర్క్ ఆర్డరుని పణి ఆణై అంటారు, కాంట్రాక్టరుని ఒప్పందదారర్, కొలతల పుస్తకాన్ని అళవీట్టు పుత్తగం. తీర్మానం మాత్రం మన తీర్మానమే.

ఒక్క హెచ్చరిక. ఇక్కడ వీధుల పనులు విడివిడిగా టెండరుకి రావు, పది ఇరవై వీధులు కలిపి ఒక ప్యాకేజీ కడతారు. మీరు వీధి పేరు ఒక్కటే రాస్తే "ఆ పేరుతో పని లేదు" అనే జవాబు రావచ్చు. "మా వీధి కలిసి ఉన్న ప్యాకేజీ" అని రాయండి. వీధి పేరు తమిళ బోర్డు మీద ఎలా ఉందో అలాగే రాయండి. మనం పలికేలా కాదు.

ముప్పై రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే, లేదా సగమే వస్తే, మరో ముప్పై రోజుల్లోపు మొదటి అప్పీలు. దాన్ని ముప్పై రోజుల్లో, మహా అయితే నలభై అయిదు రోజుల్లో తేల్చాలి. అక్కడా కుదరకపోతే తొంభై రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కి వెళ్లొచ్చు. ఈ తేదీలు నోటుబుక్కులో ముందే లెక్కగట్టి రాసేయండి. చాలామంది ఓడిపోయేది వాదనలో కాదు, అప్పీలు తేదీ దాటించుకోవడంలో.

వేరే దారి: నకళ్లు అడగడానికి బదులు ఫైలు చూస్తానని అడగండి. 2(j) సెక్షన్ కింద పనిని, పత్రాలను స్వయంగా తనిఖీ చేసే హక్కు ఉంది, సామగ్రి నమూనాలు తీసుకునే హక్కు కూడా ఉంది. మొదటి గంటకి రుసుము లేదు. నాకైతే ఇదే ఇష్టం. నకళ్లలో రానివి ఫైల్లో కనబడతాయి.

5. కొలతల పుస్తకం చదవండి

దీన్నే ఎం-బుక్ అంటారు. కాంట్రాక్టరుకి డబ్బు వచ్చేది ఈ పుస్తకంలో ఉన్న అంకెల మీదే, రోడ్డు మీద కాదు. ఏఈ కొలిచి రాస్తారు, పై ఇంజనీరు కొంత భాగం తిరిగి కొలిచి సంతకం పెడతారు.

చూడాల్సినవి: పొడవు, వెడల్పు, మందం మీ అంకెలతో సరిపోతున్నాయా? కొలిచిన తేదీ రోడ్డు వేసిన తర్వాతదేనా? నేను బతుకంతా బిల్లులు సరిచూసిన వాణ్ణి, నా అనుభవంలో అంకె కన్నా తేదీయే ఎక్కువ నిజం చెబుతుంది. దిద్దుబాటు ఉంటే పక్కన పొట్టి సంతకం ఉందా? మీ వీధిలో ఎక్కడ కొలిచినా వెడల్పు సమానంగా ఉన్నట్టు రాశారా? చెన్నైలో అలాంటి వీధి నేను చూడలేదు.

6. లెక్క కట్టండి

కష్టమేం కాదు. మీ వీధి 150 మీటర్ల పొడవు, సగటున 5 మీటర్ల వెడల్పు, బిల్లులో తారు పొర మందం 40 మిల్లీమీటర్లు అనుకుందాం.

150 × 5 = 750 చదరపు మీటర్లు. 0.04తో హెచ్చిస్తే 30 ఘనపు మీటర్లు. నొక్కిన తారు కంకర ఘనపు మీటరుకి ఇంచుమించు 2.3 టన్నులు తూగుతుంది. అంటే సుమారు 70 టన్నులు. ఒక టిప్పరుకి 16 టన్నులు పట్టుకుంటే నాలుగయిదు లోడ్లు.

ఇప్పుడు మీరు స్కేలుతో చూసిన మందం 25 మిల్లీమీటర్లే ఉంటే? 18.75 ఘనపు మీటర్లు, 43 టన్నుల చిల్లర. ఇరవై ఆరు టన్నుల తారు కంకర కాగితం మీద ఉంది, రోడ్డు మీద లేదు.

కానీ తొందరపడి దొంగతనం అనకండి. ఒక్కచోట తక్కువుంటే అది ఆ చోటు సంగతే. మూడు నాలుగు చోట్ల తక్కువ ఉండాలి, కోర్ నివేదికతో పోల్చాలి. ఎం-బుక్‌లో అంకె చదరపు మీటర్లలో ఉందో ఘనపు మీటర్లలో ఉందో కూడా చూసుకోండి. మా మిత్రుడొకాయన ఈ తేడా చూసుకోకుండా కోటి రూపాయల కుంభకోణం పట్టేశానని అందరికీ స్వీట్లు పంచాడు. మర్నాడు మళ్లీ లెక్కపెడితే తేడా రెండువేల చిల్లర.

కొత్త రోడ్డు వేస్తున్న రాత్రి మీరు మెలకువగా ఉండగలిగితే ఈ లెక్కలన్నిటి అవసరం తగ్గుతుంది. లోడ్లు లెక్కపెట్టండి, ప్రతి టిప్పరు నంబరు కనబడేలా ఫొటో తీయండి. తారు దించేటప్పుడు పొగ వస్తోందా చూడండి. చల్లారిపోయిన సరుకు ఎంత తొక్కినా అతుక్కోదు.

7. డీఎల్‌పీ తేదీతో ఇంజనీరుకి రాయండి

గడువు రోడ్డుని బట్టి, టెండరుని బట్టి మారుతుంది. అందుకే ఊరికే ఊహించకుండా ఒప్పందం చూడమంటున్నాను. తేదీ చేతికొచ్చాక ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుకి, ఏఈకి నకలుతో, అర పేజీ ఉత్తరం:

"ఫలానా ప్యాకేజీలో వేసిన మా వీధిలో ఈ ఈ ఇళ్ల ముందు గుంతలు పడ్డాయి. ఫొటోలు జతపరిచాను. డీఎల్‌పీ ఫలానా తేదీ వరకు ఉంది. కాంట్రాక్టరుకు నోటీసు ఇచ్చి అతని ఖర్చుతో బాగు చేయించి, నోటీసు నంబరు నాకు తెలపగలరు."

అంతే. "ప్రజాధనం దుర్వినియోగం", "తీవ్రంగా ఖండిస్తున్నాం" వగైరాలు వద్దు. వాటికి జవాబు రాయడం వాళ్లకి చాలా తేలిక. తేదీ ఉన్న ఉత్తరానికి తేదీతోనే జవాబు రాయాలి.

8. కౌన్సిలర్ దగ్గరకి వెళ్లండి

ఇంజనీరు కదలకపోతేనే. ముందే వెళ్తే ఏఈకి కోపం వస్తుంది, ఆ తర్వాత మీ పని మీరే చూసుకోవాల్సి వస్తుంది.

చెన్నై కౌన్సిలులో 200 వార్డులు. 2011లో ఊరిని 174 చదరపు కిలోమీటర్ల నుంచి 426కి పెంచినప్పుడు ఈ అంకె వచ్చింది. నెలనెలా సమావేశంలో ఒక్కొక్కరికి దొరికే సమయం ఎంతో మీరే ఊహించుకోండి. కాబట్టి మీ కౌన్సిలర్‌కి ఫైలు ఇవ్వకండి, ఒక్క పేజీ ఇవ్వండి. పైన ప్యాకేజీ నంబరు, కింద మూడు అంకెలు: బిల్లులో మందం, కోర్ నివేదికలో మందం, డీఎల్‌పీ తేదీ. చివర్లో ఒకే ఒక్క ప్రశ్న. ప్రతిపక్ష కౌన్సిలరైతే లేచి గట్టిగా అడుగుతారు, జవాబు రాకపోవచ్చు. పాలకపక్షం వారైతే లేచి అడగరు గానీ మండలం సమావేశంలో ఇంజనీరుని పక్కకి పిలిచి పని చేయిస్తారు. నాకు రెండోదే మేలనిపిస్తుంది, మీకు పేపర్లో పేరు రావాలని లేకపోతే.

ఇంకో దారి ఏరియా సభ, అంటే వార్డులో ఒక్కో ప్రాంతం జనం కూర్చునే సభ. తమిళనాడులో 2022లో వార్డు కమిటీలకి, ఏరియా సభలకి నియమాలు వచ్చాయి, మొదటి సభలు 2022 నవంబరు 1న జరిగాయి. ఆ తర్వాత ఏడాదిలో కొన్ని తేదీలు వాటికి పెట్టారు, మీ వార్డు ఆఫీసులో కనుక్కోండి. అక్కడ నోటితో చెప్పి రాకండి. కాగితం ఇచ్చి, మినిట్స్‌లో ఎక్కిందో లేదో చూసి రండి.

తమిళం రాదని జంకకండి. టి.నగర్‌కి ఆ పేరు తెచ్చిన పిట్టి త్యాగరాయ చెట్టి మన తెలుగు మాట్లాడే ఇంటివాడే, ఇదే కార్పొరేషన్‌కి అధ్యక్షుడిగా చేశాడు. 1933లో అధ్యక్షుడన్న పేరు పోయి మేయర్ అయింది.

9. మేయర్‌ని అడగాల్సినవి, అడగకూడనివి

మీ ఇంటి ముందు గుంత గురించి మేయర్‌కి రాయకండి. మేయర్ ఆఫీసు దాన్ని కమిషనర్‌కి, కమిషనర్ మండలానికి, మండలం ఏఈకి పంపుతారు. రెండు నెలలు తిరిగి మీరు మొదట నిలబడ్డ బల్ల దగ్గరికే వస్తుంది. పని చేయించే అధికారం ఐఏఎస్ కమిషనర్‌ది. మేయర్ కౌన్సిలుకి అధ్యక్షత వహిస్తారు, తీర్మానాలు అక్కడ పాసవుతాయి.

పైగా ఇప్పుడు మేయర్‌ని మనం నేరుగా ఎన్నుకోవడం లేదు. 1996లో, 2001లో, 2011లో ప్రజలే ఓటేశారు. 2022 మార్చిలో ప్రియని ఎన్నుకున్నది కౌన్సిలర్లు. అంతకుముందు 2016 అక్టోబరు నుంచి కౌన్సిలే లేదు, ప్రత్యేక అధికారి పాలన. ఆ కాలపు పనుల మీద మీరు "కౌన్సిలు తీర్మానం" అడిగితే లేదనే అంటారు, ప్రత్యేక అధికారి ఉత్తర్వు అడగాలి.

మేయర్ కుర్చీ కౌన్సిలర్ల మీద, పార్టీ మీద ఆధారపడి ఉంటుందనడానికి దూరం పోనక్కర్లేదు. 2024 జూలైలో కోయంబత్తూరు, తిరునెల్వేలి మేయర్లు ఒకే రోజు రాజీనామా చేశారు. అదే నెలలో కాంచీపురం మేయర్ మీద అవిశ్వాసం పెట్టినప్పుడు ఓటింగుకి కౌన్సిలర్లే రాకపోవడంతో అది వీగిపోయింది. అందుకే కౌన్సిల్లో గొడవ జరిగిందని పేపర్లో చదివి మురిసిపోకండి. ఆ అరుపుల్లో ఎంత మీ రోడ్డు గురించో, ఎంత వాళ్ల వాళ్ల లెక్కల గురించో చెప్పడం కష్టం. చూడాల్సింది ఆ రోజు పాసయిన తీర్మానం.

మేయర్‌ని అడగదగ్గవి ఊరంతటికీ వర్తించే ప్రశ్నలు. డీఎల్‌పీలో ఉన్న రోడ్ల జాబితా వార్డులవారీగా ప్రజల ముందు పెట్టారా? పోయినేడు ఎంతమంది కాంట్రాక్టర్లకి నోటీసులిచ్చారు, డిపాజిట్ల నుంచి ఎంత పట్టుకున్నారు? ఏ వార్డుకి ముందు రోడ్డు వేయాలో ఏ ప్రాతిపదికన తేల్చారు? ఇవి నాలుగైదు వీధుల వాళ్లు కలిసి సంతకాలతో ఇస్తే, బడ్జెట్‌కి ముందు, అంటే జనవరిలో ఇస్తే బరువుంటుంది. బడ్జెట్ పుస్తకం చూసేటప్పుడు వచ్చే ఏడాది కేటాయింపు చూసి ఆగిపోకండి. పక్కన నిరుడు నిజంగా ఖర్చుపెట్టింది ఎంతో ఉంటుంది. ప్రకటించినదానికీ ఖర్చయినదానికీ మధ్య దూరమే అసలు కథ.

జనం మళ్లీ మళ్లీ చేసే పొరపాట్లు

ఫొటోలో గుంత ఒక్కటే కనబడడం. ఇంటి నంబరో, వీధి బోర్డో, కరెంటు స్తంభం నంబరో కూడా పడాలి. లేకపోతే అది ఏ ఊరి గుంతయినా కావచ్చు.

డీఎల్‌పీ అడగకుండా ముందే 1913కి ఫిర్యాదు పెట్టడం. గుంత ప్రాణం తీసేలా ఉంటే వెంటనే ఫోన్ చేయాల్సిందే, అప్పుడు లెక్కలు చూసుకోకూడదు. కానీ ఫిర్యాదులోనే "డీఎల్‌పీలో ఉన్న రోడ్డు" అని చేర్చండి, నంబరు దాచుకోండి.

ఒకే దరఖాస్తులో రోడ్డు, చెత్త, దోమలు, కుక్కలు అన్నీ కలపడం. వాట్సాప్ గ్రూపులో కాంట్రాక్టరు పేరు పెట్టి తిట్టడం కూడా. అది పరువు నష్టం దాకా పోతుంది, కాగితం చేతికి రాకముందు ఎవరి పేరూ ఎత్తకండి.

బెంగళూరు నుంచి అడిగేవాళ్లకి

పద్ధతి ఇదే, పేర్లు వేరు. అక్కడ పనికి జాబ్ కోడ్ ఉంటుంది, వార్డు నంబరు, సంవత్సరం అందులోనే కనిపిస్తాయి. ముందు అది సంపాదించండి. కర్ణాటకలో సమాచార హక్కు దరఖాస్తు ఒకే విషయం మీద, 150 మాటలకి మించకుండా ఉండాలి. నేను పైన రాసిన జాబితా అంతా ఒకదాంట్లో పట్టదు, రెండుగా విడగొట్టండి. మేయర్ సంగతి అడక్కండి. 2020 సెప్టెంబరులో కౌన్సిలు గడువు ముగిశాక ఏళ్ల తరబడి అక్కడ మేయరే లేరు. 2025 సెప్టెంబరులో బీబీఎంపీ స్థానంలో గ్రేటర్ బెంగళూరు అథారిటీ, దాని కింద అయిదు కార్పొరేషన్లు వచ్చాయి. అథారిటీకి అధ్యక్షుడు ముఖ్యమంత్రి. మనవాళ్లు ఎక్కువగా ఉండే కేఆర్ పురం, మహదేవపుర వైపు తూర్పు కార్పొరేషన్. పాత పనుల ఫైళ్లు ఏ ఆఫీసుకి చేరాయో ముందు కనుక్కోండి. తప్పు చోటికి పంపినా 6(3) సెక్షన్ కింద వాళ్లే అయిదు రోజుల్లో సరైన చోటికి బదిలీ చేయాలి.

పని సరిగ్గా జరిగిందో లేదో చూసుకోవడం

కాంట్రాక్టరు వచ్చి బాగు చేశాడు. అప్పుడు మూడు చూడండి.

గుంత అంచులు చతురస్రంగా కోసి పూడ్చారా, ఊరికే తట్టెడు కంకర పోసి తొక్కించారా? రెండోదైతే నెల తిరక్కుండా లేస్తుంది.

పురికొసని రోడ్డుకి అడ్డంగా ఒక అంచు నుంచి ఇంకో అంచుకి నేలకి ఆనించి బిగించండి. రోడ్డు నడుమ వీపులా పైకి ఉబికి ఉండాలి, దారం అక్కడే ఆనాలి. అయిదు మీటర్ల వీధికి అంచులకన్నా నడుమ అయిదారు సెంటీమీటర్లు ఎత్తుంటే నీళ్లు పక్కలకి పోతాయి. దారం నడుమ గాల్లో తేలిందంటే అక్కడ నీళ్లు నిలుస్తాయి, ఆ నీళ్లే మళ్లీ గుంత చేస్తాయి. అనుమానం ఉంటే రెండు బకెట్లు పోసి చూడండి.

మూడోది కాగితం. మరమ్మతు జరిగిందని సంతోషపడి వదిలేయకండి. కార్పొరేషన్ ఖర్చులో ఆ మరమ్మతు పద్దు పడిందా లేదా అని పది రూపాయల స్టాంపుతో ఇంకొక్క దరఖాస్తు పెట్టండి.

ఆ తర్వాత ఫోనులో ఒక గుర్తు పెట్టుకోండి, డీఎల్‌పీ ముగిసే తేదీకి కాదు, దానికి ముందొచ్చే డిసెంబరుకి. గడువు ముగిశాక కాంట్రాక్టరు డిపాజిట్ వెనక్కి ఇచ్చేస్తారు. మన వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. గడువు మార్చిలో ముగుస్తుందనుకుంటే, చివరి గుంతల ఫొటోలు డిసెంబరులో తీసి, జనవరి మొదటి వారంలో ఉత్తరం ఇచ్చేయాలి. ఫిబ్రవరిలో ఎండ కాస్తుంది, దుమ్ము కప్పేసి గుంతలు సగం లోతే కనిపిస్తాయి.